పాత ఎస్‌ఎస్‌డీకి కొత్త కొలువు: విప్పడం నుంచి వాడకం దాకా

విజయనగరంలో గంటస్తంభం దగ్గర మా చిన్నాన్నకు చిన్న డీటీపీ దుకాణం ఉంది. శుభలేఖలు, గృహప్రవేశం కార్డులు, బిల్లు పుస్తకాలు వేస్తుంటారు. సిరిమానోత్సవానికి ముందు వారం ఉరుములతో పెద్ద వాన కురిసింది. మర్నాడు పొద్దున్న ఆయన కంప్యూటర్ ఆన్ కాలేదు. మదర్‌బోర్డు పోయింది. కార్తీకంలో పెళ్లిళ్లు మొదలవుతాయి కాబట్టి బేరాలాడుతూ కూర్చోకుండా రెండు రోజుల్లో కొత్తది కొనేశారు. పాతదాన్ని అటక ఎక్కించబోతుంటే నేను అడ్డం పడ్డాను. 2018లో నా చేతులతో బిగించిన 250 జీబీ ఎస్‌ఎస్‌డీ, అంటే ఫైళ్లు దాచే డిస్కు, అందులోనే ఉంది.

"అందులో ఏముందిరా, పాత కార్డులేగా" అన్నారాయన. ఆ మాట అన్న మనిషే, ఎవరైనా వచ్చి "మా పెద్దమ్మాయి పెళ్లికి వేసిన కార్డు లాంటిదే చిన్నమ్మాయికీ వేయండి" అంటే టీ చల్లారిపోతున్నా పట్టించుకోకుండా ఆ ఫైలు కోసం వెతుకుతారు.

ఎస్‌ఎస్‌డీలో తిరిగే పళ్లేలు ఉండవు, అరిగిపోయే మోటారు ఉండదు. అందుకే కంప్యూటర్ పోయినా అది చాలాసార్లు బాగానే ఉంటుంది. దాన్ని కొత్త కంప్యూటర్‌లో వాడుకోవచ్చు. అయితే పాత విండోస్‌తో సహా ఎత్తుకొచ్చి కొత్త మదర్‌బోర్డు మీద దాన్నుంచే నడపాలని చూడకండి. కొత్తదానిలో వచ్చిన డిస్కు మీద విండోస్‌ను ఉండనిచ్చి, పాతదాన్ని ఫైళ్లు దాచుకునే రెండో డిస్కుగా పెట్టుకోండి. ఈ పద్ధతిలో తలనొప్పులు సగానికి సగం తగ్గుతాయి. ఈ వ్యాసం చాలా వరకు ఆ దారిలోనే నడుస్తుంది.

ముందు అది ఏ రకమో చూడండి

ఎస్‌ఎస్‌డీలు అన్నీ ఒకటి కావు. మన ఊళ్లలోని పాత డెస్క్‌టాప్‌లలో, లాప్‌టాప్‌లలో ఎక్కువగా కనిపించేది రెండున్నర అంగుళాల సాటా రకం. డిస్కును మదర్‌బోర్డుకు కలిపే దారి పేరే సాటా. అరచేతిలో పట్టే పలకలా, సాధారణంగా 7 మిల్లీమీటర్ల మందంతో ఉంటుంది. ఒక అంచున రెండు కనెక్టర్లు పక్కపక్కన ఉంటాయి. పొట్టిది డేటాకు, దానికి 7 కాళ్లు. పొడుగుది కరెంటుకు, దానికి 15. దీని వేగం సెకనుకు 550 ఎంబీ దగ్గర ఆగిపోతుంది. అది డిస్కు లోపం కాదు, సాటా దారి వెడల్పే అంత.

రెండోది ఎం.2 రకం. ర్యామ్ ముక్కలా సన్నగా ఉంటుంది. వెడల్పు 22 మిల్లీమీటర్లు, పొడవు ఎక్కువగా 80. అందుకే పెట్టె మీద 2280 అని రాస్తారు. 2242, 2230 పొట్టివి. ఇక్కడే చాలామంది పొరబడతారు. ఎం.2 అనేది ఆకారం పేరు మాత్రమే. అదే ఆకారంలో సాటా డిస్కులూ ఉన్నాయి, అంతకన్నా వేగమైన దారిలో నడిచే ఎన్‌వీఎంఈ డిస్కులూ ఉన్నాయి. ముక్కను వెలుతురుకు పట్టి, బంగారు రంగు కాళ్లున్న అంచు చూడండి. రెండు గాట్లు ఉంటే దాదాపుగా సాటా. ఒకే గాటు, అదీ తక్కువ కాళ్లున్న వైపు ఉంటే ఎన్‌వీఎంఈ. గాటు చూసి నూటికి నూరు పాళ్లు తేల్చేయకండి, స్టిక్కర్ మీది మోడల్ నంబరును ఫోనులో వెతికి ఖాయం చేసుకోండి. అలాగే కొత్త కంప్యూటర్ మాన్యువల్ తెరిచి, దాని స్లాటు ఏ రకాన్ని గుర్తిస్తుందో కూడా చూడండి. ఎన్‌వీఎంఈని మాత్రమే గుర్తించే స్లాటులో సాటా ముక్క చక్కగా కూర్చుంటుంది, కానీ తెర మీద కనిపించదు. అలాంటప్పుడు డిస్కు చచ్చిపోయిందని పారేసినవాళ్లూ ఉన్నారు.

ఇంకొక మాట. చవక లాప్‌టాప్‌లు కొన్నింటిలో ఈఎంఎంసీ నిల్వ మదర్‌బోర్డుకే అతికించి ఉంటుంది. దాన్ని విప్పి తీయలేరు.

విప్పే ముందు చేయాల్సిన పని

పాత కంప్యూటర్ ఇంకా నడుస్తుంటే మీ అదృష్టం. విప్పే ముందు దానిలోనే బిట్‌లాకర్ సంగతి, అంటే డిస్కులోని ఫైళ్లకు విండోస్ వేసే తాళం సంగతి, చూడండి. సెట్టింగ్స్‌లో డివైస్ ఎన్‌క్రిప్షన్ అనేది ఆన్‌లో ఉంటే ఆఫ్ చేసి, అది పూర్తయ్యేదాకా ఆగండి. మైక్రోసాఫ్ట్ ఖాతాతో లాగిన్ అయిన కంప్యూటర్లలో, ముఖ్యంగా లాప్‌టాప్‌లలో, మనం అడగకుండానే ఇది ఆన్ అయి ఉండవచ్చు. అలాంటి డిస్కును తీసి మరో కంప్యూటర్‌కు తగిలిస్తే రికవరీ కీ అడుగుతుంది. ఆరేసి అంకెల చొప్పున ఎనిమిది గుంపులు, మొత్తం 48 అంకెలు. కంప్యూటర్ అప్పటికే పోయి ఉంటే మీ మైక్రోసాఫ్ట్ ఖాతాలోకి వెళ్లి చూడండి, కీ అక్కడ భద్రపరిచి ఉండే అవకాశం ఉంది. అక్కడా లేక, కాగితం మీదా లేకపోతే ఆ ఫైళ్ల మీద ఆశ వదులుకోవాలి. ఏ రిపేరు దుకాణమూ ఆ తాళం తీయలేదు.

నడుస్తున్న కంప్యూటర్‌ను ఆపేటప్పుడు షిఫ్ట్ మీట నొక్కి పట్టుకుని షట్‌డౌన్ ఎంచుకోండి. మామూలు షట్‌డౌన్‌లో విండోస్ సగం నిద్రలోనే ఉంటుంది. షిఫ్ట్‌తో అయితే పూర్తిగా ఆగుతుంది.

ఇక విప్పడం. ప్లగ్గు తీయండి, పవర్ బటన్‌ను పది సెకన్లు నొక్కి పట్టుకోండి. లాప్‌టాప్ అయితే వెనక మూత తీయగానే ముందుగా బ్యాటరీ తీగ ఊడదీయండి. మన కోస్తా ఉక్కబోతలో స్థిర విద్యుత్తు అంతగా పుట్టదు గానీ, ఏసీ గదిలో పాలిస్టర్ చొక్కా వేసుకుని చేస్తుంటే పుడుతుంది. మధ్యమధ్య క్యాబినెట్ ఇనుప భాగాన్ని ముట్టుకుంటూ ఉండండి. సాటా తీగలను పట్టుకుని లాగకండి, చివర ప్లాస్టిక్ ముక్కను పట్టుకుని లాగండి. కొన్నింటికి చిన్న నొక్కుడు క్లిప్పు ఉంటుంది. ఎం.2 ముక్కకు చివర ఒకే ఒక్క మర ఉంటుంది, అది తీయగానే ముక్క తనంతట తానే కాస్త పైకి లేస్తుంది. ఆ మరను వెంటనే ఏ సీసా మూతలోనో వేయండి. నేను ఒకసారి చాప మీద పెట్టి, రెండు గంటలు చాప దులిపాను.

లోపల ఎంత ప్రాణం ఉందో కనుక్కోండి

రెండున్నర అంగుళాల సాటా డిస్కు 5 వోల్టులతోనే నడుస్తుంది కాబట్టి యూఎస్‌బీ ఇచ్చే కరెంటు సరిపోతుంది. సాటాను యూఎస్‌బీకి కలిపే తీగ గానీ, డబ్బా గానీ కొనండి. ఎం.2కు వేరే డబ్బా కావాలి. అందులోనూ సాటా మాత్రమే చదివేవి, ఎన్‌వీఎంఈ మాత్రమే చదివేవి, రెండూ చదివేవి వేర్వేరుగా అమ్ముతారు, అడిగి తీసుకోండి. కొత్త కంప్యూటర్‌లో యూఎస్‌బీ 3 పోర్టుకే తగిలించండి, చాలా వాటిలో లోపల నీలి రంగు ఉంటుంది.

క్రిస్టల్ డిస్క్ ఇన్ఫో అనే ఉచిత ప్రోగ్రాము తెరిచి మూడు అంకెలు చూడండి. హెల్త్ శాతం, ఇప్పటిదాకా రాసిన మొత్తం, ఆన్‌లో ఉన్న గంటలు. చిన్నాన్న డిస్కు 17 వేల గంటలు పనిచేసింది, 31 టీబీ రాసింది. ఇది ఎక్కువా, తక్కువా? పోల్చడానికి ఒక లెక్క చెబుతాను. శాంసంగ్ 860 ఈవో 250 జీబీ డిస్కుకు కంపెనీ చెప్పిన హామీ 150 టీబీ రాత. రోజుకు 20 జీబీ రాసినా ఏడాదికి 7.3 టీబీ. ఆ లెక్కన 150 చేరడానికి ఇరవై ఏళ్లు పడుతుంది. ఇంట్లో, దుకాణంలో వాడే డిస్కులు రాత వల్ల అరిగిపోయి పోవడం అరుదు. డిస్కును నడిపించే చిప్పు, అంటే కంట్రోలర్, చెడిపోవడం వల్ల పోయేవే ఎక్కువ చూశాను, దానికి ముందస్తు హెచ్చరిక ఉండదు. అందుకే హెల్త్ 95 శాతం చూపించినంత మాత్రాన ఆ డిస్కులో ఉన్నదే ఏకైక ప్రతి కావడం మంచిది కాదు.

సాటా డిస్కు అయితే కింద ఉండే పట్టికలో 05 వరుస చూడండి. చెడిపోయి పక్కన పెట్టిన భాగాల లెక్క అది. సున్నా అయితే సంతోషం. కొద్దిగా ఉండి వారాల తరబడి అక్కడే ఆగితే పరవాలేదు, పెరుగుతూ పోతుంటే ఆ డిస్కును ముఖ్యమైన వాటికి వాడకండి. సీ7 వరుస పెరుగుతుంటే మాత్రం డిస్కును అనుమానించకండి, అది చాలాసార్లు తీగ వదులై వచ్చే లోపం. ఇక్కడ ఒక చిక్కు ఉంది. ఈ ప్రోగ్రాము ముడి అంకెలను మామూలుగా పదహారు లెక్కలో చూపిస్తుంది. అక్కడ 10 అని ఉంటే దాని అర్థం పదహారు.

ఫైళ్లు బయటికి తీయడం

దీన్ని తొందరపడి చేయకండి. ఎస్‌ఎస్‌డీలో చెరిపింది హార్డ్ డిస్కులో చెరిపినట్టు కాదు. విండోస్ ట్రిమ్ అనే ఆదేశం పంపుతుంది, డిస్కు ఆ గదులను తనే ఖాళీ చేసుకుంటుంది. ఆ తర్వాత ఏ రికవరీ సాఫ్ట్‌వేరూ పెద్దగా సాయపడదు.

పాత డిస్కులోని యూజర్స్ ఫోల్డరు తెరిస్తే అనుమతి లేదని అడ్డుకోవచ్చు. కంటిన్యూ నొక్కండి, ఫైళ్లు ఎక్కువుంటే కొంత సమయం తీసుకుని తెరుచుకుంటుంది. డెస్క్‌టాప్, డాక్యుమెంట్స్, డౌన్‌లోడ్స్, పిక్చర్స్ అందరికీ గుర్తుంటాయి. మరిచిపోయేవి వేరే. టాలీ వాడే దుకాణాల్లో డేటా ఫోల్డరు డాక్యుమెంట్స్‌లో కాకుండా ఎక్కడో విడిగా ఉంటుంది. డీటీపీ వాళ్లకు అసలు ప్రాణం ఫాంట్లలో ఉంటుంది. యూనికోడ్ రాక ముందు నుంచి వాడుతున్న తెలుగు ఫాంట్లలో కట్టిన పేజ్‌మేకర్ ఫైలును, ఆ ఫాంటు లేని కంప్యూటర్‌లో తెరవండి. "చి.ల.సౌ." ఉండాల్సిన చోట ఇంగ్లీషు అక్షరాలు, చుక్కలు, గీతలు కలగాపులగంగా కనిపిస్తాయి. మా చిన్నాన్న కొత్త కంప్యూటర్‌లో మొదటి కార్డు తెరిచినప్పుడు అదే కనిపించింది. "ఫైళ్లు పాడైపోయాయిరా" అని కుర్చీలో కూలబడ్డారు. ఫైళ్లకు ఏమీ కాలేదు, ఫాంటు లేదంతే. పాత డిస్కులో విండోస్ ఫోల్డరు లోపల ఉన్న ఫాంట్స్ ఫోల్డరు నుంచి వాటిని తెచ్చి ఇన్‌స్టాల్ చేయగానే వధూవరుల పేర్లు వాటి చోట్లలోకి వచ్చి కూర్చున్నాయి.

ప్రోగ్రాముల ఫోల్డర్లు కాపీ చేసి లాభం లేదు. వాటి ఆనవాళ్లు విండోస్ రాసుకునే రిజిస్ట్రీ అనే చిట్టాలో ఉంటాయి, అవి రావు. మళ్లీ ఇన్‌స్టాల్ చేసుకోవాల్సిందే. కాబట్టి సీరియల్ నంబర్లు, సీడీలు ముందే వెతికి పెట్టుకోండి.

కాపీకి ఎంతసేపు పడుతుంది? 180 జీబీని పాత యూఎస్‌బీ 2 పోర్టులో, సెకనుకు 35 ఎంబీ వేగంతో లాగితే గంటన్నర. యూఎస్‌బీ 3లో 400 ఎంబీ వేగం అందితే ఎనిమిది నిమిషాల లోపే. చిన్న చిన్న ఫైళ్లు వేలల్లో ఉంటే ఇంకా ఎక్కువే పడుతుంది. డెస్క్‌టాప్ అయితే యూపీఎస్ మీద ఉన్నప్పుడే మొదలుపెట్టండి. 2014లో హుద్‌హుద్ వచ్చినప్పుడు రోజుల తరబడి కరెంటు లేకుండా గడిపిన జిల్లాలో ఉన్నాం, ఇది విడిగా చెప్పనక్కర్లేదేమో.

కాపీ అయ్యాక రెండు వైపులా ఫోల్డరు ప్రాపర్టీస్ తెరిచి ఫైళ్ల సంఖ్య, పరిమాణం సరిపోయాయో లేదో చూడండి. పది ఫైళ్లు తెరిచి చూడండి. ఇంకో ప్రతి బయటి హార్డ్ డిస్కులో పెట్టండి. అప్పుడే తర్వాతి అడుగు.

కొత్త కంప్యూటర్‌లో బిగించడం

డెస్క్‌టాప్‌లో ఇది పావుగంట పని. మదర్‌బోర్డు మీది సాటా పోర్టు నుంచి డేటా తీగ, ఎస్‌ఎంపీఎస్ (క్యాబినెట్‌లో కరెంటు పంచే డబ్బా) నుంచి కరెంటు తీగ. రెండు కనెక్టర్లూ ఎల్ ఆకారంలో ఉంటాయి, తిరగేస్తే ఎక్కవు. బలవంతం చేస్తే డిస్కు వైపు ప్లాస్టిక్ నాలుక విరుగుతుంది. క్యాబినెట్‌లో రెండున్నర అంగుళాల చోటు లేకపోతే బ్రాకెట్ దొరుకుతుంది. అదీ లేకపోతే రెండు వైపులా అంటుకునే టేపుతో అడుగున అతికించినా ఫరవాలేదు. లోపల కదిలేది ఏమీ లేదు, నిలువుగా ఉన్నా తలకిందులుగా ఉన్నా దానికి ఒకటే.

ఇక్కడ ఒక ప్రమాదం ఉంది. తీగలు ఊడదీయగలిగే ఎస్‌ఎంపీఎస్‌లలో, పాతదాని కరెంటు తీగను కొత్త ఎస్‌ఎంపీఎస్‌కు తగిలించకండి. డిస్కు వైపు చివర ఒకేలా ఉంటుంది గానీ, ఎస్‌ఎంపీఎస్ వైపు అమరిక ఒక్కో కంపెనీది ఒక్కోలా ఉంటుంది. 5 వోల్టులు రావాల్సిన చోట 12 వస్తే డిస్కు అక్కడికక్కడే పోతుంది.

కొన్ని మదర్‌బోర్డుల్లో ఎం.2 స్లాటు నిండితే ఒకటో రెండో సాటా పోర్టులు పనిచేయడం మానేస్తాయి. డిస్కు కనిపించకపోతే ముందు వేరే పోర్టులోకి మార్చి చూడండి.

ఎం.2 ముక్కను ఏటవాలుగా, సుమారు 30 డిగ్రీల కోణంలో స్లాటులోకి తోయండి. కాళ్లు దాదాపు కనిపించకుండా లోపలికి వెళ్లాక వేలితో కిందికి అదిమి మర బిగించండి. లాప్‌టాప్‌లలో వైఫై కార్డు స్లాటు కూడా చూడ్డానికి ఇలాగే ఉంటుంది, దాని జోలికి వెళ్లకండి.

తుడిచి, కొత్తగా ఫార్మాట్ చేయడం

నేను చేసిన తప్పు ముందు చెబుతాను. కొన్నేళ్ల క్రితం మా ఇంటి కంప్యూటర్‌లో పాత ఎస్‌ఎస్‌డీని తగిలించి ఉంచే, కొత్త డిస్కు మీద విండోస్ ఎక్కించాను. అంతా బాగానే నడిచింది. ఆరు నెలల తర్వాత పాతది తీసి చెల్లెలికి ఇచ్చాను, ఇంట్లో కంప్యూటర్ ఆన్ కావడం మానేసింది. విండోస్ తన బూట్ భాగాన్ని పాత డిస్కులో అంతకుముందే ఉన్న చోట పెట్టేసుకుందట. అప్పటి నుంచి విండోస్ ఎక్కించేటప్పుడు మిగతా డిస్కుల తీగలు పీకేస్తాను. ఎక్కించడం అయ్యాకే తగిలిస్తాను. మీ కొత్త కంప్యూటర్‌లో విండోస్ ముందే ఉంటే ఈ గొడవ లేదు. పాతది తగిలించాక ఒకసారి బయోస్‌లోకి (విండోస్ కన్నా ముందు లేచే మదర్‌బోర్డు సెట్టింగ్స్‌లోకి) వెళ్లి, బూట్ వరుసలో కొత్త డిస్కే మొదట ఉందో లేదో చూసుకుంటే చాలు.

పాత విండోస్ ఉన్న డిస్కులో ఈఎఫ్‌ఐ, రికవరీ అనే చిన్న భాగాలు ఉండవచ్చు. డిస్క్ మేనేజ్‌మెంట్ వాటిని చెరపనివ్వదు. అప్పుడు అడ్మినిస్ట్రేటర్‌గా కమాండ్ ప్రాంప్ట్ తెరిచి డిస్క్‌పార్ట్ వాడాలి. వరుసగా లిస్ట్ డిస్క్, సెలెక్ట్ డిస్క్ 1, క్లీన్, కన్వర్ట్ జీపీటీ అనే ఆదేశాలను ఇంగ్లీషు అక్షరాల్లో టైపు చేయాలి. ఇక్కడ 1 అనేది ఉదాహరణ మాత్రమే. లిస్ట్‌లో పరిమాణం చూసి మీ డిస్కు నంబరు ఏదో తేల్చుకోండి. 250 జీబీ డిస్కు అక్కడ 232 జీబీగా కనిపిస్తుంది, లెక్క కట్టే పద్ధతిలో తేడా అంతే, ఎవరూ ఏమీ కాజేయలేదు. క్లీన్ అని కొట్టాక అది "మీకు ఖాయమేనా" అని అడగదు. ఆ ఒక్క క్షణం చేతులు కీబోర్డు మీద నుంచి తీసి, నంబరు మళ్లీ చదవండి. రెండు డిస్కులూ ఒకే పరిమాణంలో ఉండి అనుమానంగా ఉంటే, పాతదాన్ని ఊడదీసి లిస్ట్ చూడండి, తగిలించి మళ్లీ చూడండి. కొత్తగా వచ్చి చేరిందే మీది.

ఆ తర్వాత డిస్క్ మేనేజ్‌మెంట్‌లో కొత్త వాల్యూమ్ చేసి, ఎన్‌టీఎఫ్‌ఎస్‌తో క్విక్ ఫార్మాట్ చేయండి. పూర్తి ఫార్మాట్ డిస్కు మొత్తం మీద సున్నాలు రాస్తుంది, అది వృథా అరుగుదల. డిస్కును బయటివాళ్లకు ఇవ్వాలనుకుంటే మాత్రం క్లీన్, క్విక్ ఫార్మాట్ చాలవు. కంపెనీ ఇచ్చే ప్రోగ్రాములో గానీ, బయోస్‌లో గానీ సెక్యూర్ ఎరేజ్ ఉంటుంది, అది వాడండి.

విండోస్‌తో సహా మార్చాలని పట్టుబట్టేవారికి

పాతది విండోస్ 10 లేదా 11 అయి, రెండు కంప్యూటర్లూ యూఈఎఫ్‌ఐ (పాత బయోస్ స్థానంలో వచ్చినది) పద్ధతిలో నడిచేవైతే డిస్కు మార్చగానే విండోస్ కొత్త డ్రైవర్లు వెతుక్కుని లేచి నిలబడటం జరుగుతుంది. లేవకపోవడమూ జరుగుతుంది. లేచినా లైసెన్సు సమస్య ఉంటుంది. కంప్యూటర్‌తో పాటు వచ్చిన లైసెన్సు పాత మదర్‌బోర్డుతోనే ముడిపడి ఉంటుంది, విడిగా కొన్నదే వెంట వస్తుంది. విండోస్ 10కు మామూలు మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది కూడా. ఇక విండోస్ 7 అయితే ఆ ఊసే ఎత్తకండి. అందులో యూఎస్‌బీ 3కి, ఎన్‌వీఎంఈకి సొంత డ్రైవర్లు లేవు. కొత్త బోర్డు మీద ఒకవేళ తెర వచ్చినా మౌస్, కీబోర్డు కదలకపోవచ్చు. చిన్నాన్నది విండోస్ 7. "ఒక్కసారి చూడరా" అన్నారు. చూడలేదు.

లోపల చోటు లేకపోతే

ఇప్పటి పలచటి లాప్‌టాప్‌లలో రెండున్నర అంగుళాల డిస్కు పట్టే చోటే ఉండదు. అప్పుడు పరీక్షకు కొన్న యూఎస్‌బీ డబ్బానే దాని ఇల్లు. అరచేతిలో ఇమిడే ఈ డిస్కు కింద పడినా హార్డ్ డిస్కులా గాయపడదు, కాబట్టి ఇంటికీ దుకాణానికీ మధ్య ఫైళ్లు మోయడానికి పెన్‌డ్రైవ్ కన్నా నయం. దాన్ని ఫోటోలతో నింపి బీరువాలో పెట్టి ఏళ్ల తరబడి మరిచిపోకండి. ఎస్‌ఎస్‌డీ తన గదుల్లో దాచేది విద్యుదావేశం. కరెంటు తగలకుండా ఉంటే అది మెల్లగా కారిపోతుంది. హామీ ఇచ్చినంతా రాసి అరిగిపోయిన ఇంటి వాడకపు డిస్కు, కరెంటు లేకుండా 30 డిగ్రీల వద్ద ఏడాది పాటు డేటా నిలపాలన్నది చిప్పుల ప్రమాణాలు పెట్టే సంస్థ జెడెక్ ప్రమాణం. మన మే నెలలో అటక మీద ఉండేది 30 డిగ్రీలు కాదు. తక్కువ వాడిన డిస్కు ఇంకా చాలాకాలం నిలుస్తుంది, అయినా రెండు మూడు నెలలకోసారి తగిలించి ఫైళ్లు తెరిచి చూడండి.

చిన్నాన్న డిస్కు ఇప్పుడు కొత్త క్యాబినెట్ అడుగున, టేపుతో అతికించి ఉంది. తెర మీద దాని పేరు డీ కాదు, "శుభలేఖలు". ప్రతి ఆదివారం దుకాణం కట్టేసే ముందు అందులోని ఫోల్డర్లన్నీ బయటి హార్డ్ డిస్కులోకి కాపీ చేసి, ఆ డిస్కును సంచిలో వేసుకుని ఇంటికి తెస్తారు. మొన్న సంచి మరిచిపోయి, దారిలో గుర్తొచ్చి, వానలో వెనక్కి వెళ్లి తెచ్చుకున్నారట.